పాత గేమింగ్ పీసీకి కొత్త ర్యామ్, ఎస్‌ఎస్‌డీ: కొలతల నుంచి చివరి టెస్టు దాకా

మా పిన్ని కొడుకు డిగ్రీలో ఉన్నప్పుడు, 2018లో, ఒక గేమింగ్ పీసీ అసెంబుల్ చేయించుకున్నాడు. ఐ5-8400 ప్రాసెసర్, బీ360 మదర్‌బోర్డు, 6 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్ (నడుస్తున్న పనులను పట్టి ఉంచే మెమరీ) స్టిక్, 1 టీబీ హార్డ్ డిస్క్. అప్పట్లో మా ఇళ్లన్నిటిలో అదే గొప్ప సిస్టమ్. మొన్న సంక్రాంతికి వెళ్లేసరికి దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాడు. ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా డెస్క్‌టాప్ కుదురుకోవట్లేదు. గేమ్‌లో మలుపు తిరిగిన ప్రతిసారీ ఒక కుదుపు. "అన్నా, ఇది అమ్మేసి కొత్తది తీసుకుంటా" అన్నాడు. ప్రాసెసర్, కార్డు ఇంకా పనికొచ్చేవే, వాటికి మేత అందట్లేదంతే అన్నాను. పండగ అయ్యాక పార్టులు తెప్పించి, ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని మార్చాం. ఆ పనినే ఇక్కడ వరసగా చెబుతున్నాను. మీ పీసీ అంతకంటే పాతదైతే ఎక్కడ తేడా వస్తుందో మధ్యమధ్యలో చెబుతాను.

ముందే ఒక మాట. హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన ఎస్‌ఎస్‌డీ వేస్తే ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య) పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సగటు ఎఫ్‌పీఎస్ చాలావరకు గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ చేతుల్లో ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ తగ్గించేది లోడింగ్ సమయాన్ని, మ్యాప్‌లో కొత్త ప్రాంతంలోకి వెళ్లినప్పుడు వచ్చే కుదుపులను. ర్యామ్ చాలకపోవడం వల్ల వచ్చే ఆగుడుకు ర్యామే మందు. 1060 కార్డును ఈ రెండూ కలిసి కొత్త తరం 4060 కార్డు చేయవు.

1. ముందు కొలవండి, తర్వాత కొనండి

మీరు మామూలుగా ఆడే గేమ్‌లో అరగంట ఆడండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. మెమరీ 90 శాతం దాటి ఉండి, అదే సమయంలో డిస్క్ 100 దగ్గర అతుక్కుని ఉంటే ర్యామ్ చాలట్లేదని అర్థం. చోటు లేక విండోస్ తన సామానును హార్డ్ డిస్క్ మీదికి దించి ఎక్కిస్తూ ఉంటుంది. మెమరీ 60 శాతమే ఉండి డిస్క్ మాత్రం 100లో ఉంటే దోషం హార్డ్ డిస్క్‌ది. రెండూ ప్రశాంతంగా ఉండి గ్రాఫిక్స్ కార్డు 98, 99 శాతంలో ఉంటే ఇక్కడితో ఆపేయండి. ఈ అప్‌గ్రేడ్ మీకు కాదు, ఆ డబ్బు కార్డుకి దాచుకోండి.

మా వాడి పీసీలో మెమరీ 93, డిస్క్ 100. రెండు జబ్బులూ ఉన్నాయి.

హార్డ్ డిస్క్ ఎందుకంత వెనకబడుతుందో కూడా తెలుసుకోవడం మంచిది. పెద్ద సినిమా ఫైల్ కాపీ చేస్తే అది సెకనుకు 150 ఎంబీ దాకా ఇస్తుంది, అందుకే బాగానే ఉందనిపిస్తుంది. విండోస్, గేమ్‌లు అడిగేది మాత్రం ఒక్కో మూల నుంచి ఒక్కో చిన్న ముక్క. ప్రతి ముక్కకీ లోపలి సూది జరగాలి, పళ్లెం తిరగాలి. అలాంటి పనిలో అదే డిస్క్ సెకనుకు ఒకటి, రెండు ఎంబీ ఇవ్వడం కూడా కష్టమే. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు.

ఇంకో కొలత కూడా ఉంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాత హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూడండి. నీలం రంగులో గుడ్ అని ఉంటే సరే. పసుపు రంగులో కాషన్ అని ఉంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి, ముందు ఫోటోలు, కాగితాలు వేరే చోటికి కాపీ చేసుకోండి.

2. మీ బోర్డు ఏం తీసుకుంటుంది

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే మెయిన్‌బోర్డ్ పేజీలో బోర్డు మోడల్, మెమరీ పేజీలో ర్యామ్ రకం కనిపిస్తాయి. ఆ మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో మాన్యువల్ దొరుకుతుంది. దించుకుని రెండు పేజీలు చదవండి: మెమరీ స్లాట్ల గురించి ఒకటి, డిస్క్‌లు తగిలించే ఎం.2, సాటా పోర్టుల గురించి ఇంకొకటి.

డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టవు. మధ్యలో గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది, వోల్టేజీ కూడా వేరు: 1.5, 1.2, 1.1. మీ బోర్డు డీడీఆర్4 అయితే డీడీఆర్4 తప్ప దారి లేదు. ల్యాప్‌టాప్ స్టిక్‌లు పొట్టిగా ఉంటాయి, అవీ పనికిరావు.

స్పీడ్ సంగతి. ఐ5-8400ను బీ360 బోర్డులో పెడితే మెమరీ 2666 దాటదు. 3200 స్టిక్ కొన్నా దిగి 2666లోనే నడుస్తుంది. పాడేం కాదు, కానీ ఎక్కువ స్పీడ్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం అనవసరం. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ ఉన్నవాళ్ల కథ వేరు. వాటిలో మెమరీ స్పీడ్ పెరిగితే గేమ్‌లలో తేడా బాగా తెలుస్తుంది. బీ450 లాంటి బోర్డు ఉంటే 3200 స్టిక్‌లు తీసుకోవచ్చు.

ఇక ఎస్‌ఎస్‌డీ. బోర్డు మీద గ్రాఫిక్స్ కార్డు పక్కనో కిందో సన్నటి అడ్డ స్లాట్ ఉంటే అది ఎం.2. అందులో రెండు రకాల ఎస్‌ఎస్‌డీలు పడతాయి: వేగమైన ఎన్‌వీఎంఈ, అంతకంటే నెమ్మదైన సాటా. చూడటానికి రెండూ చూయింగ్ గమ్ ముక్కల్లాగే ఉంటాయి, కానీ కొన్ని స్లాట్‌లు ఒక రకాన్నే గుర్తిస్తాయి. ఏ రకమో మాన్యువల్‌లో ఉంటుంది. 2280 అని రాసి ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు అని, అదే మామూలు సైజు.

మీది నాలుగో తరం ఐ5, హెచ్81 బోర్డు లాంటిదైతే ఎం.2 స్లాట్ కోసం వెతకొద్దు, సాధారణంగా ఉండదు. రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. హెచ్81లో నాలుగు సాటా పోర్టుల్లో రెండే వేగమైనవి, ఎస్‌ఎస్‌డీ తీగ వాటిలో ఒకదానికే పెట్టాలి. ఇంకా పాత హెచ్61లో అన్నీ సగం వేగం పోర్టులే. అయినా పెట్టండి. చిన్న ముక్కలు చదవడంలో ఎస్‌ఎస్‌డీకి ఉన్న ఆధిక్యం ఆ పోర్టులో కూడా పోదు.

3. కొనడం

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతుంటే మనలాంటి వాళ్లకు మిగిలేది తక్కువ. అందుకని సెకండ్‌హ్యాండ్ డీడీఆర్4 స్టిక్ కొనడం నామోషీ కాదు. ర్యామ్ సులువుగా అరిగిపోయే వస్తువు కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి నాలుగు షాపులు అడగొచ్చు. మీ పాత స్టిక్ పట్టుకెళ్లండి, స్టిక్కర్ మీద ఉన్న సైజు, స్పీడ్ సరిపోల్చుకోండి, పని చేయకపోతే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట చాలదు.

డీడీఆర్3 కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. కేవలం ఏఎండీ బోర్డులకే పనిచేసే 8 జీబీ స్టిక్‌లు చాలా చౌకగా దొరుకుతాయి. ఇంటెల్ బోర్డులో పెడితే తెర వెలగదు. ధర మరీ తక్కువగా కనిపిస్తే ముందు ఈ సంగతి అడగండి.

ఎంత కొనాలి? మొత్తం 16 జీబీ అయితే ఈ తరం పీసీకి సరిపోతుంది. 32 వేసినా 1060 కార్డు ఆడగలిగే గేమ్‌లకు పెద్దగా ఒరిగేదేం ఉండదు. ఉన్న 8కి ఇంకో 8 కలపడం మంచిది. 4 కలిపితే 12 అవుతుంది కానీ అందులో 8 మాత్రమే జంటగా నడుస్తుంది, మిగతా 4 ఒంటరిగా నడుస్తుంది. రెండు స్టిక్‌లు జంటగా నడవడమంటే దారి రెండు వరసలవడమే. 2666లో ఒక స్టిక్ సెకనుకు 21 జీబీ దాకా అందిస్తే రెండు కలిసి 42 అందిస్తాయి. గేమ్‌లో హఠాత్తుగా ఎఫ్‌పీఎస్ పడిపోయే చోట్ల ఈ తేడా తెలుస్తుంది.

ఎస్‌ఎస్‌డీ 1 టీబీ తీసుకోగలిగితే తీసుకోండి. బాల్డర్స్ గేట్ 3 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది, పైగా ఎస్‌ఎస్‌డీ ఉండాలని కనీస అవసరాల్లోనే రాశారు. సైబర్‌పంక్ 2077 కూడా 2023లో హార్డ్ డిస్క్‌ను వదిలేసి ఎస్‌ఎస్‌డీని కనీస అవసరం చేసింది. బడ్జెట్ లేకపోతే 500 జీబీ పరవాలేదు, పాత హార్డ్ డిస్క్ ఎలాగూ ఉంటుంది.

నాలుగో తరం ఎన్‌వీఎంఈ (ఇక్కడ తరం అంటే ప్రాసెసర్‌ది కాదు, స్లాట్ వేగానిది) మన మూడో తరం స్లాట్‌లో పడుతుంది, మూడో తరం వేగంతో, అంటే సెకనుకు దాదాపు 3,500 ఎంబీతో నడుస్తుంది. 7,000 అని పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్నది చూసి ఎక్కువ పెట్టకండి. ఆ మాటకొస్తే సాటా ఎస్‌ఎస్‌డీకీ ఎన్‌వీఎంఈకీ మధ్య కూడా చాలా గేమ్‌ల లోడింగ్‌లో తేడా కొన్ని సెకన్లే. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి వచ్చేదే అసలు దూకుడు. పేరు వినని బ్రాండ్, నమ్మలేనంత తక్కువ ధర కలిసి కనిపిస్తే దూరంగా ఉండండి.

4. విప్పే ముందు

పాత విండోస్‌ను యథాతథంగా కొత్త ఎస్‌ఎస్‌డీకి కాపీ చేయొచ్చు, దాన్ని క్లోనింగ్ అంటారు. క్లోన్‌జిల్లా లాంటి ఉచిత పనిముట్లు ఉన్నాయి. ఏడేళ్ల చెత్తను కొత్త ఇంటికి మోసుకెళ్లడం నాకు ఇష్టం ఉండదు. విండోస్ కొత్తగా వేసుకోవడమే నా సలహా. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. డబ్బు కట్టో ఇతరత్రానో నమోదు చేసుకున్నవాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్‌లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి విండోస్ 11 జాబితాలో ఉంది కాబట్టి మా వాడికి అదే వేశాం.

ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో ఇన్‌స్టాలర్ సిద్ధం చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. నెట్‌వర్క్ డ్రైవర్ కూడా బోర్డు సైట్ నుంచి ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి, విండోస్ వేశాక నెట్ రాకపోతే అప్పుడు వెతుక్కోవడం నరకం. గేమ్ సేవ్‌లు డాక్యుమెంట్స్‌లోనూ, దాచి ఉంచిన యాప్‌డేటా ఫోల్డర్‌లోనూ ఉంటాయి. సేవ్‌లను ఆన్‌లైన్‌లో దాచే స్టీమ్ క్లౌడ్ అన్ని గేమ్‌లకూ ఉండదు కాబట్టి ఆ రెండింటినీ కాపీ చేసుకోండి. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

5. విప్పడం, బిగించడం

షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంట్ ఇచ్చే పెట్టె) వెనక స్విచ్ ఆపి, ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంట్ పోతుంది. కేబినెట్‌ను బల్ల మీద పడుకోబెట్టండి. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, చిన్న స్క్రూలు ఎగరవు కానీ దుమ్ము ఎగురుతుంది. కార్పెట్ మీద కూర్చోవద్దు. బోర్డును తాకే ముందు కేబినెట్‌లో పెయింట్ లేని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ దిగిపోతుంది.

ఎలాగూ విప్పారు కాబట్టి దుమ్ము దులపండి. మెత్తటి పెయింట్ బ్రష్ చాలు. బ్లోయర్ ఉంటే బాల్కనీలోకి తీసుకెళ్లి, ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి ఊదండి. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి.

ఎం.2 స్లాట్ గ్రాఫిక్స్ కార్డు కింద ఉంటే కార్డు తీయాల్సిందే. పవర్ తీగ తీసి, వెనక రెండు స్క్రూలు విప్పి, స్లాట్ చివర ఉన్న చిన్న కొక్కేన్ని నొక్కి పట్టుకుని కార్డును నిటారుగా లాగండి. చాలామంది ఈ కొక్కేన్ని మర్చిపోయి విరగ్గొడతారు. కొక్కెం కనపడకపోతే టార్చ్ వేసి చూడండి, లాగి చూడొద్దు.

ఎస్‌ఎస్‌డీని గాడి సరిపోయేలా దాదాపు 30 డిగ్రీల ఏటవాలుగా స్లాట్‌లోకి తోయండి. బంగారు రంగు అంచు కాస్తే కనపడాలి. తర్వాత రెండో చివరను కిందికి ఒత్తి స్క్రూ బిగించండి. ఆ స్క్రూ ఆవగింజంత ఉంటుంది, బోర్డు కొన్నప్పుడు పెట్టెలో ఇచ్చి ఉంటారు. 2018 నాటి పెట్టె ఎవరి దగ్గరుంటుంది? మా వాడి అటక మీద దొరికింది. లేకపోతే ఏ కంప్యూటర్ షాపులో అడిగినా ఇస్తారు. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ వాడండి, పెద్దది వాడితే తల అరిగిపోతుంది. బోర్డుకు హీట్‌సింక్ ఉంటే దాని అడుగున మెత్తటి ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది పీకి అప్పుడు బిగించండి. ఎస్‌ఎస్‌డీ మీద స్టిక్కర్ మాత్రం పీకొద్దు, వారంటీ పోతుంది.

రెండున్నర అంగుళాల రకమైతే రెండు తీగలు: సన్నది బోర్డుకు, వెడల్పుది ఎస్‌ఎంపీఎస్ నుంచి. విడదీసి పెట్టుకునే తీగలున్న ఎస్‌ఎంపీఎస్ అయితే దానితో వచ్చిన తీగలే వాడాలి. వేరే ఎస్‌ఎంపీఎస్ తీగ సరిగ్గా పట్టినా లోపలి వరస వేరుగా ఉండి డ్రైవ్ కాలిపోవచ్చు.

ఇక ర్యామ్. నేను నా సొంత పీసీలో చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. నాలుగు స్లాట్లుంటే పక్కపక్కన ఉన్న మొదటి రెండింటిలో స్టిక్‌లు పెట్టి, ఎనిమిది నెలలు జంట వేగం లేకుండానే ఆడాను. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. మాన్యువల్‌లో ఏ2, బీ2 అని ఉంటాయి. రెండే స్లాట్లుంటే ఆలోచించే పనే లేదు.

క్లిప్‌లు తెరిచి, స్టిక్ గాడిని స్లాట్ గాడికి సరిచూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమానంగా నొక్కండి. టక్‌మని శబ్దం వచ్చి క్లిప్ దానంతటదే మూసుకోవాలి. మొదటిసారి చేసేవాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువ బలమే పడుతుంది, టెన్షన్ పడకండి. గాడి కలవకుండా నొక్కితే మాత్రం స్టిక్, స్లాట్ రెండూ పోతాయి. పాత స్టిక్ అంచు నల్లబడి ఉంటే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టండి. మన రిపేర్ షాపుల్లో అందరూ చేసే వైద్యమే ఇది, పని చేస్తుంది కూడా.

గ్రాఫిక్స్ కార్డు తిరిగి పెట్టి, దాని పవర్ తీగ గుర్తుంచుకుని గుచ్చండి. పాత హార్డ్ డిస్క్ డేటా తీగ మాత్రం ఇప్పుడే పెట్టొద్దు. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది. కేబినెట్ తలుపు కూడా ఇంకా మూయకండి.

6. మొదటిసారి ఆన్ చేయడం

ర్యామ్ మార్చాక మొదటిసారి తెర వెలగడానికి అరనిమిషం, ఒక నిమిషం పట్టొచ్చు. పీసీ ఒకటి రెండుసార్లు తానే ఆగి మళ్లీ లేవొచ్చు కూడా. కంగారుపడి ప్లగ్ పీకేయకండి.

డిలీట్ కీ నొక్కుతూ బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. 16 జీబీ, కొత్త ఎస్‌ఎస్‌డీ కనిపిస్తున్నాయో లేదో చూడండి. రైజెన్ వాళ్లు స్టిక్‌ను దాని పూర్తి స్పీడ్‌లో నడిపే మెమరీ ప్రొఫైల్ ఆన్ చేయాలి, బోర్డును బట్టి దాని పేరు ఎక్స్‌ఎంపీ, డీఓసీపీ, ఏ-ఎక్స్‌ఎంపీ అని ఉంటుంది. విండోస్ 11 వేసేవాళ్లు టీపీఎం అనే సెక్యూరిటీ ఏర్పాటును (ఇంటెల్‌లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం) ఆన్ చేసి, పాత పద్ధతిలో బూట్ చేయించే సీఎస్‌ఎం ఆపి, సెక్యూర్ బూట్ పెట్టుకోవాలి. వాలొరెంట్ ఆడేవాళ్లకు విండోస్ 11లో టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ తప్పనిసరి.

తెర అస్సలు వెలగకపోతే కొత్త స్టిక్ తీసి పాతదానితో చూడండి. వెలిగితే పాతది తీసి కొత్తదాన్ని అదే స్లాట్‌లో పెట్టండి. అప్పుడు తప్పు స్టిక్‌దా, స్లాట్‌దా తేలిపోతుంది. రెండూ విడివిడిగా పనిచేసి కలిపితే మొరాయిస్తే, ప్లగ్ పీకి, బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి. ఏడేళ్ల బ్యాటరీ కాబట్టి కొత్తదే వేసేయండి, పీసీలో అంతకంటే చవకైన పార్టు లేదు. అప్పటికీ కాకపోతే బయాస్ అప్‌డేట్ చేసి చూడాలి. ఆ పని ఒక్క స్టిక్‌తో, కరెంట్ పోదని నమ్మకం ఉన్న సమయంలో చేయండి.

7. విండోస్, గేమ్‌లు

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఎస్‌ఎస్‌డీలో ఖాళీ చోటును ఎంచుకుని విండోస్ వేయండి. పాత హార్డ్ డిస్క్ తగిలించి ఉంటే ఇన్‌స్టాలర్ కొన్నిసార్లు బూట్ ఫైళ్లను దాని మీద రాస్తుంది. ఆ తర్వాత ఎప్పుడైనా హార్డ్ డిస్క్ పోతే, ఎస్‌ఎస్‌డీలో విండోస్ ఉన్నా పీసీ లేవదు. తీగ పీకి ఉంచమన్నది అందుకే. బోర్డు మారలేదు కాబట్టి లైసెన్స్ ఉన్న విండోస్ నెట్ తగలగానే తానే యాక్టివేట్ అవుతుంది.

అప్‌డేట్‌లు, గ్రాఫిక్స్ డ్రైవర్ అయ్యాక పీసీ ఆపి, హార్డ్ డిస్క్ తీగ పెట్టండి. ఇక్కడ ఇంకో అనుభవం. కొన్నేళ్ల కిందట నా పీసీలో ఎం.2 సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టగానే హార్డ్ డిస్క్ మాయమైంది. పదేళ్ల ఫోటోలు పోయాయని ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారి మాన్యువల్ చూస్తే, ఎం.2లో సాటా రకం పెడితే ఒక సాటా పోర్టు పనిచేయదని అందులోనే ఉంది. తీగను పక్క పోర్టుకు మార్చాను, వచ్చేసింది.

1 టీబీ ఎస్‌ఎస్‌డీ 931 జీబీ అని కనిపిస్తే మోసం జరగలేదు. కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి. అంతే తేడా. కొత్త డ్రైవ్‌ను విండోస్ కోసం కాకుండా గేమ్‌ల కోసమే పెట్టుకుంటే అది అసలు కనిపించదు. అప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, జీపీటీ అనే పద్ధతి ఎంచుకుని ఇనీషియలైజ్ చేసి, కొత్త వాల్యూమ్ తయారుచేయాలి. పేరు, సైజు చూసుకుని కొత్త డ్రైవ్ మీదే చేయండి, పాతదాని మీద కాదు.

గేమ్‌లు మళ్లీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. స్టీమ్ వేసి, సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కు వెళ్లి పాత హార్డ్ డిస్క్‌ను కలిపితే అందులో ఉన్న గేమ్‌లన్నీ కనిపిస్తాయి. ఇప్పుడు ఆడుతున్న మూడు, నాలుగింటిని ఎంచుకుని మూవ్ నొక్కితే ఎస్‌ఎస్‌డీకి వస్తాయి. పాత చిన్న గేమ్‌లు, సినిమాలు హార్డ్ డిస్క్‌లోనే ఉండనివ్వండి. ఎస్‌ఎస్‌డీని అంచుదాకా నింపితే నెమ్మదిస్తుంది, పదో వంతైనా ఖాళీగా వదలండి. దానికి డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కలను ఒకచోట సర్దడం) అక్కర్లేదు, కావాల్సిన శుభ్రం విండోస్ తానే చేసుకుంటుంది.

8. చివరి టెస్టు

సెకండ్‌హ్యాండ్ స్టిక్ కొన్నవాళ్లు దీన్ని దాటవేయొద్దు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి పడుకునే ముందు నడిపించండి. నాలుగు పాస్‌లు పూర్తయ్యేసరికి ఒక్క ఎర్ర గీత కూడా రాకూడదు. ఒక్కటి వచ్చినా స్టిక్ వెనక్కి ఇచ్చేయండి, వారం తర్వాత గేమ్ మధ్యలో నీలం తెర చూసి కారణం వెతుక్కునే బాధ తప్పుతుంది. స్టిక్‌లు జంటగా నడుస్తున్నాయో లేదో తెలియాలంటే సీపీయూ-జెడ్ మెమరీ పేజీలో డ్యూయల్ అని, లేదా కొత్త వెర్షన్లలో రెండు చానెల్స్ అని ఉందో చూడండి. స్పీడ్ దగ్గర 1333 అని కనపడితే భయపడొద్దు, దాన్ని రెండుతో గుణిస్తే 2666.

మొదటి మెట్టులో ఆడిన గేమ్‌నే అదే చోట అరగంట ఆడి మళ్లీ టాస్క్ మేనేజర్ చూశాం. మెమరీ 16లో 10 జీబీ చుట్టూ ఉంది, డిస్క్ ఎప్పుడో ఒకసారి లేచి పడుకుంటోంది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం 99 శాతంలో ఉంది. "ఇప్పుడు కార్డు మార్చాలా అన్నా?" అని మా వాడు అప్పుడే అడిగాడు. గేమ్ సెట్టింగ్స్‌లో షాడోస్ ఒక మెట్టు దించుకోరా అని చెప్పి, కేబినెట్ తలుపు బిగించి లేచాను.